ఇసుక తొక్కి చూసిన అన్న

ఈ నెల మొదట్లో ఒక పొద్దున, జనగామలో పాపను బడి ఆటో ఎక్కించి లోపలికి వస్తుంటే షార్జాలో మా బిల్డింగులోనే ఉండిన భూపాలపల్లి అక్క ఫోన్ చేసింది.

"షార్జా వాచ్‌మన్ అన్న పోయిండంటనే. నిన్న మహబూబాబాద్ దవాఖానల."

"ఎవరు చెప్పిండ్రు? నిజమేనా? మంచిగ కనుక్కున్నవా?" అని వరసగా అడిగాను.

"ఆయన సంగతిల నువ్వెప్పుడు గిట్లనే" అంది అక్క.

అక్క అన్నదాంట్లో తప్పు లేదు. ఆయన గురించి మీకు చెప్పాలని కూర్చుంటే, నేను ఆయన్ని ఎంతగా అనుమానించానో అది ముందు చెప్పక తప్పదు.

మా ఆయన ఉద్యోగం వల్ల మేము షార్జాలో ఆరేళ్లు ఉన్నాం. మేమున్న నాలుగంతస్తుల పాత బిల్డింగుకు ఈ అన్న వాచ్‌మన్. మెట్ల కింద చిన్న గది ఆయనది. సొంతూరు బయ్యారం దగ్గర ఒక తండా. ఫోన్లో ఇంటివాళ్లతో లంబాడీ మాటే మాట్లాడేవాడు. మా బిల్డింగుకు రాకముందు పదేళ్లకు పైగా షార్జా పార్కుల్లోనే చెట్లకు నీళ్లు పట్టాడట. మేము సామాన్లతో దిగిన రోజు, "ఏ ఊరు?" అని అడిగాడు. మా ఆయన జనగామ అన్నాడు. "జనగామల ఏడ?" నర్మెట్ట అని నేను చెప్పాను. "అయితె నువ్వు నాకు చెల్లెవైతవ్" అన్నాడు, పెట్టె భుజానికెత్తుకుంటూ. నాకు నచ్చలేదు. రెండు నిమిషాల్లో చెల్లెను చేసుకునే మనిషికి నాతో ఏం పని ఉంటుందా అని ఆలోచిస్తూ మెట్లెక్కాను.

ఎడారి ఊళ్లో పిల్లల్ని పెంచినవాళ్లకు ఇది తెలుస్తుంది. ఏడాదిలో సగం రోజులు బయట కాలు పెట్టలేం. ఏసీ గదిలో, కిటికీ అద్దానికి ముక్కు ఆనించి పిల్లలు రోడ్డు చూస్తుంటారు. దసరా దాటి ఎండ విరిగిందంటే మాత్రం ఊరు ఊరంతా బయటే. శుక్రవారం వస్తే చాపలు, నీళ్ల క్యాన్లు, బొగ్గుల పొయ్యి కార్లలో వేసుకుని పార్కులకో, సముద్రం ఒడ్డుకో, ఊరి చివర ఇసుక దిబ్బలకో పోతారు. మా బిల్డింగు నుంచి మేమూ, భూపాలపల్లి అక్క కుటుంబమూ రెండు కార్లలో పోయేవాళ్లం. శుక్రవారం వాచ్‌మన్ అన్నకు సెలవు. ఆయన్నీ ఎక్కించుకోవడం మేము రాకముందు నుంచే అక్కవాళ్లకు అలవాటు.

ఏ పార్కులో ఏ గంటకు ఎటు నీడ పడుతుందో ఆయనకు తెలుసు. దిగగానే పిల్లల్ని మా దగ్గర ఆపేసి, తను ఒక్కడే ముందు పోయేవాడు. జారుడుబండకు అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఉయ్యాల గొలుసులు గుంజి, చివరికి తనే ఎక్కి ఊగేవాడు. అంత భారీ మనిషి మోకాళ్లు ముడుచుకుని ఊగుతుంటే పిల్లలు పడిపడి నవ్వేవాళ్లు. "ముందు నేను, అటెన్క మీరు" అనేవాడు వాళ్లతో. దేన్నీ నమ్మేవాడు కాదు. నీళ్ల క్యాను మూత తీస్తే మొదటి గుక్క ఆయనదే. ఆకాశాన్ని అసలే నమ్మడు. ఒకసారి తినబోతుంటే అంచున కాస్త పసుపుగా కనపడిందని, "సదురుర్రి, సదురుర్రి! గాలి దుమారమొస్తది" అని మమ్మల్ని కార్లలోకి తోలాడు. గంటసేపు చూశాం. ఏ దుమారమూ రాలేదు. అద్దాలు ఎక్కించుకుని ఒళ్లో పళ్లేలు పెట్టుకుని బిర్యానీ తిన్నాం. "ఈయనను తీస్కపోవుడెందుకో" అని మా ఆయన ఆ రాత్రంతా గొణిగాడు. ఇంకోసారి నిజంగానే దుమారం వచ్చింది.

ఇవన్నీ ఆయన వింతలు అనుకుంటే సరిపోయేది. నా అనుమానమంతా ఆయన సంచి మీద. ఒక పాత బియ్యం సంచి, జానెడు ఇనుప చువ్వ, ఐదు లీటర్ల నీళ్ల డబ్బా. మేము చాపలు పరుచుకునేలోపు అవి పట్టుకుని చెట్ల వెనక్కో, దిబ్బ అవతలికో పోయేవాడు. వంగి వంగి నేల గుచ్చుతూ కనిపించేవాడు. అరగంటకు చేతులు నల్లగా చేసుకుని, బరువైన సంచితో తిరిగొచ్చి, దాన్ని డిక్కీలో మూలకు తోసేవాడు. "ఏందన్నా అది?" అంటే, "ఏం లేదు చెల్లె, చెత్త" అనేవాడు. చెత్తను ఎవరైనా అంత జాగ్రత్తగా మూటగడతారా?

నర్మెట్ట నుంచి అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పాను. "తండాలకెళ్లి వచ్చినాయన, వాచ్‌మన్, గాయన మీ వెంబడి ఎందుకు తిరుగుతుండు? పిల్లకాడికి రానియ్యకు" అంది. ఆ మాటలో ఉన్నది ఏమిటో నాకు తెలియకపోలేదు. మేము భూములున్నవాళ్లం, ఆయన తండా మనిషి. తెలిసీ అడ్డు చెప్పలేదు. నాకూ అలాంటి మాట ఎవరైనా అంటే బాగుండుననే ఉంది.

ఒక శుక్రవారం దిబ్బల దగ్గర భూపాలపల్లి అక్క చెవి కమ్మ పోయింది. అందరం ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని వెతికాం. దొరకలేదు. అక్క ఏడుపు మొహంతో కారెక్కబోతుంటే అన్న వచ్చి ఆమె చేతిలో కమ్మ పెట్టాడు. అక్క దండం పెట్టింది. నేను మాత్రం ఇంకోలా లెక్కవేసుకున్నాను. ఇంతమందికి దొరకనిది ఈయనకు ఎట్లా దొరికింది? ఈ సంచి, ఈ చువ్వ ఇందుకే. జనం ఇసుకలో పోగొట్టుకున్నవి ఏరుకుంటున్నాడు. తెలిసినవాళ్లది కాబట్టి ఇది ఇచ్చాడు, ఇవ్వనివి ఎన్నో!

ఆ వారమే అక్కకు చెప్పాను. కింది అంతస్తువాళ్లకు చెప్పాను. అక్క మొదట ఒప్పుకోలేదు. రెండోసారి చెప్పినప్పుడు మాత్రం తన కమ్మను తడుముకుంటూ విన్నది.

తర్వాతి శుక్రవారం ఆయనకు చెప్పకుండా బయల్దేరాం. గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, సంచి మడిచి చంకలో పెట్టుకుని. "ఇయ్యాల దగ్గరనే పోతున్నమన్నా" అన్నాను కారు అద్దంలోంచి. "మంచిదే చెల్లె" అన్నాడు. పక్కకు జరిగి మా కార్లకు దారిచ్చాడు.

దిబ్బల దగ్గర దిగగానే మా పాప చెప్పులు విడిచి పరుగెత్తింది. అప్పటికి దానికి ఐదేళ్లు. ముప్పై అడుగులు కూడా పోలేదు, దాని అరుపు వినపడింది. అంతకుముందు ఎవరో అక్కడ కోడి కాల్చుకుని తిని, నిప్పులు ఆర్పకుండా పైన ఇసుక కప్పి పోయారు. పైకి ఏమీ తెలియదు. పక్కనున్న ఇసుకలాగే ఉంది. ఎత్తుకునేసరికి కుడి పాదం తెల్లగా పొంగిపోయి ఉంది.

మా ఆయన కంగారులో కారు తాళం కింద పడేసుకున్నాడు. అక్క ఎవరికి ఫోన్ చేసిందో తెలుసా? వాచ్‌మన్ అన్నకే. స్పీకర్లో ఆయన గొంతు: "పేస్టు పెట్టకుర్రి. పసుపు పెట్టకుర్రి. ఐసు గుడ వద్దు. ఉత్త నీళ్లు పోస్తనే ఉండుర్రి, ఆపకుర్రి. చెల్లె, ఇంటున్నవా? నీళ్లు ఆపకు. పోసినంక పెద్ద దవాఖానకు తీస్కరార్రి, నేను ఆడుంట."

మేము చేరేసరికి దవాఖాన గేటు దగ్గర చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల తనకొచ్చిన అరబ్బీలో కౌంటరు వాళ్లకు అంతా చెప్పి ఉంచాడు. నీళ్లు పోయడం వల్ల పాదం బతికిందని, మచ్చ తప్ప ఇబ్బంది ఉండదని డాక్టరమ్మ అంది. పాప నిద్రపోయాక బయటికొచ్చి బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"అన్నా, ఆ సంచిల ఏముంటది?"

పొద్దున మేము పోయాక ఒక్కడే పక్క పార్కుకు పోయాడట, అక్కణ్నుంచే సంచితో వచ్చాడు. మూతి విప్పి చూపించాడు. ఆర్పిన బొగ్గులు, సీసా పెంకులు, మాంసం గుచ్చే చువ్వలు, మొలలు. పార్కుల్లో పని చేసినప్పుడు కాళ్లు కాలిన పిల్లల్ని చాలామందిని చూశాడట. మేము కూర్చునే చోటికి చుట్టూ ఇసుకంతా చెప్పుల్లేకుండా తొక్కి, చువ్వతో గుచ్చి, వేడి తగిలిన చోట నీళ్లు పోసి తవ్వేవాడు. కమ్మ కూడా అలాగే కాలికి తగిలింది.

"ఇన్ని రోజులు మాకెందుకు చెప్పలే?"

"చెప్తె మీరు పిల్లలను ఇసుకల దించుతరా? కొంగుకు కట్టేస్కుంటరు. వాళ్లు ఉరుకాలె చెల్లె. భయపడేదేదో నేను పడ్త."

నా వైపు చూడకుండానే అన్నాడు. "నా మీద నీకు అనుమానమున్నదని ఎరుకనే. తప్పులేదు. పిల్లలున్నోళ్లు అనుమానపడాలె."

క్షమించమని ఆయన్ని అడగలేకపోయాను. మర్నాడు మాత్రం నేను చెడ్డగా చెప్పిన ప్రతి గుమ్మానికీ పోయి నిజం చెప్పొచ్చాను. అత్తమ్మకు చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది.

కిడ్నీలు పాడై ఆయన రెండేళ్ల కిందట ఇంటికొచ్చేశాడు. పోయినేడు మేమూ వచ్చేశాం. జనగామ నుంచి మహబూబాబాద్ రైల్లో ఎంత దూరం! ఈ వారం, వచ్చే వారం అనుకుంటూనే గడిపాను. పోయిన ఆదివారం పాపను తీసుకుని తండాకు పోతే పలకరించింది ఆయన భార్య.

"నువ్వేనా నర్మెట్ట ఆడిబిడ్డవు?" అని చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. ఆయన ఫోన్ తెచ్చి, షార్జా నుంచి పంపిన ఫోటోలన్నీ చూపించింది. గడ్డి, పూల మడులు, నీళ్లు చిమ్మే గొట్టాలు, ఖాళీ ఉయ్యాలలు.

"అన్ని గిసొంటియే. ఎడారిల ఉన్న, ఎండల సస్తున్న అనేటోడు. ఎడారి ఏది మరి? నాకు ఎన్నడు నమ్మబుద్ధి కాలె" అని గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. ఆడ ఇసుక ఉంటదా?"

నా ఫోన్లో వెతికితే మా ఆయన తీసిన వీడియో ఒకటి దొరికింది. అంచు కనపడనంత ఇసుక. పిల్లలు దూరంగా పరుగెత్తుతున్నారు. ఆయన ఎక్కడా కనపడడు. గాలి హోరులో గొంతు మాత్రం వినిపిస్తుంది: "ఉరుకకుర్రి! జర ఆగుర్రి! నేనొస్తున్న!"

ఆమె రెప్ప వేయకుండా చివరిదాకా చూసింది. మళ్లీ పెట్టమంది. ఈసారి చూడలేదు. ఫోన్ తీసుకుని చెవికి ఆనించుకుని, ఇంటి పక్క మిరప చేను వైపు తిరిగింది.

"ఊఁ" అంది.

వీడియో అయిపోయింది. ఆమె ఫోన్ దించలేదు.

"ఊఁ... ఊఁ..."