శనివారం కొనని గాలి మిషను

రాయగడకు రైలు వచ్చిన కొత్తల్లో నాకు అక్కడ ఒక వర్క్‌షాపు ఉండేది. వర్క్‌షాపు అనడం నా గొప్ప. రేకుల పాక, ఒక కొలిమి, ఒక దాగలి, కాలితో తొక్కే లేతు మిషను, మేకులకు వేలాడే నాలుగు రెంచీలు. అంతే. మా వాళ్ళు మూడు తరాలుగా జమీందారీ కచేరీలో కలం పట్టినవాళ్ళు. నేను సుత్తి పడతానని బయలుదేరి, చివరికి సుత్తి పట్టినవాడి పక్కన దీపం పట్టుకునే పనిలో స్థిరపడ్డాను.

సుత్తి పట్టినవాడు మా మేస్త్రీ. పాలకొండ వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. లారీ చట్రాలూ ధాన్యం మిల్లుల డ్రమ్ములూ మా దగ్గరికి బాగుకు వచ్చేవి. కొండ వానలకు ఇనుము ఎలా తుప్పు పడుతుందంటే, బాగుచేయడానికి ముందు అసలు ఇనుము ఎక్కడుందో వెతకాలి. ఉలితో కొట్టి, గీకుడు రేకుతో గీకి, ఇనుప బ్రష్షుతో తోమితే గానీ రంగు వేయడానికి వీలుండదు. ఆ తోమడమంతా మేస్త్రీ కుడిచెయ్యే చేసేది. నేనూ ఒకసారి తోమాను. తుప్పు కంటే నా వేళ్ళ తోలు ఎక్కువ లేచింది.

ఒకరోజు మధ్యాహ్నం అతను ఉలి కింద పెట్టి నా ఎదురుగా నిలబడ్డాడు.

"బాబూ, నాను రంగం ఎల్లిపోతాను."

రంగం అంటే రంగూను. మా వైపు సగం ఊళ్ళ మగవాళ్ళు అక్కడే ఉండేవారు.

"ఏం మేస్త్రీ, ఏమైంది?"

"ఏటయింది అని అడుగుతారేటి? ఈ మణికట్టు సూడండి, ఎలా వాసిపోనాదో. అంబలి ముంత ఎత్తాలన్నా ఎడం సెయ్యి సాయం రావాల. మా బావమరిది అక్కడ కర్రల మిల్లులో ఉన్నాడు. తుప్పు అన్న మాటే ఉండదట. రంపంపొట్టేనట."

అతను వెళ్తే వర్క్‌షాపులో వర్కు పోయి షాపు మిగులుతుంది. ఆ షాపులో అమ్మడానికి నేను తప్ప ఏమీ ఉండదు, నన్ను కొనేవాళ్ళు ఉంటారని నాకే నమ్మకం లేదు.

"తుప్పు గీకే పని తప్పిస్తే ఉంటావా?" అన్నాను.

అతను పాత సంగతి ఒకటి చెప్పాడు. రైలు వంతెన కట్టినప్పుడు కంట్రాక్టరు యార్డులో కొన్నాళ్ళు పనిచేశాడట. అక్కడ తుప్పును ఎవరూ గీకేవారు కాదట. రబ్బరు గొట్టంలోంచి జోరుగా గాలి, ఆ గాలిలో ఇసుక. దూలం మీద కొడితే తుప్పు ఊడిపోయి ఇనుము వెండిలా తేలేదట. దానికి గాలిని కుక్కి పెట్టే మిషను ఒకటి కావాలి. దొరల భాషలో కంప్రెసరు.

"అది తెచ్చీయండి, ఉంటాను. ఉగాది దాకా సూస్తాను. ఆ పైన ఓడెక్కీస్తాను."

ఉగాదికి రెండు నెలలుంది. కొత్త మిషను కావాలంటే మద్రాసు నుంచి రావాలి. దాని ఖరీదుకు నా పాకా నేనూ కలిసి కూడా తూగం. అందుకని ఎవరో వాడి వదిలేసిన పాత మిషను కోసం, అంటే గాలి కోసం, గాలికి తిరగడం మొదలుపెట్టాను.

మొదట స్టేషను వెనక యార్డుకు వెళ్ళాను. వంతెన కంట్రాక్టరు వదిలేసిన మిషను ఒకటి అక్కడే ఉంది. చవక కూడా. కానీ అది ఆవిరితో నడిచేది. దానికి ముందు ఒక బాయిలరు కావాలి, బాయిలరుకు ముందు ఒక అడవి కావాలి. రెండోసారి, బిస్సమ్ కటక్‌లో ఒక కోమటి దగ్గర గాలి మిషను ఉందని కబురొస్తే, సంతరోజు బండి కట్టించుకుని వెళ్ళాను. ఆయన నన్ను కొట్టు వెనక్కి తీసుకెళ్ళి, గోనెపట్టా ఎత్తి చూపించాడు. గోలీసోడా మిషను.

"ఇది కాదండీ," అన్నాను.

"ఏం, ఇందులోంచి వచ్చేది గాలి కాదేటి? తాగి సూడండి, ముక్కులోంచి వస్తాది!" అని ఒక సీసా కొట్టి ఇచ్చాడు. అన్నట్టే ముక్కులోంచి వచ్చింది. అలా ఒక నెల గడిచిపోయింది.

మూడో కబురు కోరాపుట్ నుంచి. ఘాటీ రోడ్డు వేసిన కంట్రాక్టరు, రాళ్ళకు తూట్లు పొడవడానికి తెచ్చిన మిషనును గోదాంలో పెట్టి, అమ్మకానికి ఒక గుమాస్తాను కూర్చోబెట్టాడు. కిరసనాయిలుతో నడిచే ఇంజను, ఇనుప చక్రాలు. నేను ఉత్తరం రాశాను. గాలి ఎంత బలంగా కుక్కుతుంది, దాని కొలత ముల్లు ఎంతవరకు ఎక్కుతుంది అని అడిగాను. నూటికి ఎక్కుతుందని జవాబు వచ్చింది. నూటికి నూరు మార్కులు నా చదువులో ఎన్నడూ రాలేదు కనుక, ఆ అంకె చూసి నేను పొంగిపోయాను. అడగవలసింది మరొకటి ఉందని నాకు తెలియదు.

శుక్రవారానికి చేరాలని మేస్త్రీతో కలిసి బయలుదేరాను. బస్సు దారిలో రెండుసార్లు ఆగిపోయింది. రెండుసార్లూ దిగి దాన్ని బాగుచేసింది మా మేస్త్రీయే. కోరాపుట్‌లో దిగేసరికి శనివారం పొద్దున్న. మంచు ఇంకా విడలేదు.

గోదాం గుమాస్తా విజయనగరం వైపు మనిషి. చెవులకు మఫ్లరు చుట్టుకుని, మమ్మల్ని చూడగానే లేచి వచ్చాడు. మిషను చూపించాడు. అప్పుడు అడిగాడు:

"బాగానే ఉంది గానీ, ఈరోజు శనోరం కదండీ?"

మేస్త్రీ మెడలోని తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "నానూ అదే అనుకుంతన్నాను."

శనివారం ఇనుము కొనకూడదు, ఇంటికి తేకూడదు. కొంటే శని కూడా వెంట వస్తాడని మా అందరికీ ఉన్న పట్టింపు. అమ్మేవాడికి కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"శనోరం పూట ఇనుప సామాను ఈ గుమ్మం దాటించనండి. మా కంట్రాక్టరుగారు ఓ శనోరం పారలు అమ్మి, సోమారానికి కాలు ఇరగ్గొట్టుకున్నారు," అన్నాడు గుమాస్తా.

నాకు తొందర. ఈలోగా ఇంకెవడైనా వచ్చి ఎగరేసుకుపోతే? కచేరీ రక్తం పనిచేసింది. "కొనను. బయానా ఇస్తాను. బయానా ఇవ్వడం కొనడం కిందికి రాదు కదా. సరుకు చేతులు మారితేనే కొనుగోలు," అన్నాను.

మేస్త్రీ నవ్వాడు. "శనికి మీ కచేరీ రూల్సు తెల్దు బాబూ. ఆడు ఇనుం వాసన సూసి వస్తాడు, కాయితం సదువుకోడు."

"సూడ్డానికి శని లేదు," అన్నాడు గుమాస్తా జాలిపడి. "సాయంత్రం దాకా తిప్పి సూసుకోండి. కిరసనాయిలు మీదే. రేపు పొద్దున్న బేరం."

అలా, కొనడానికి వీల్లేక, రోజంతా చూడవలసి వచ్చింది. మామూలు రోజైతే ఏం జరిగేదో నాకు తెలుసు. ఇంజను మోగేది, ముల్లు నూటికి ఎక్కేది, నేను డబ్బు సంచి మూతి విప్పేవాణ్ణి.

మేస్త్రీ తను చేసుకొచ్చిన ఇసుక పోసే గరాటూ, గొట్టం చివర బిగించే ఇనుప మూతీ మూటలోంచి తీశాడు. నాగావళి ఇసుక జల్లెడ పట్టి, పెనం మీద వేయించి ఆరబెట్టింది ఒక సంచెడు వెంట తెచ్చాడు. గుమాస్తా నోరు వెళ్ళబెట్టాడు.

"కోరాపుట్‌లో ఇసక లేదనుకున్నారేటి?"

"తడిసిన ఇసక గొట్టంలో గెడ్డ కట్టీస్తాదండి. సూడండి."

ఇంజను పది నిమిషాలు దగ్గి, తరవాత రాగం అందుకుంది. ముల్లు నూటికి ఎక్కింది. మేస్త్రీ ముక్కుకూ నోటికీ తడితువ్వాలు చుట్టుకున్నాడు. ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకు ఎంత చేటో అప్పట్లో మాకు సరిగా తెలియదు. తడిగుడ్డ చాలనుకున్నాం. గోదాం బయట పడి ఉన్న పాత తలుపురేకు మీద అతను గొట్టం ఎక్కుపెట్టాడు. సర్రున ఇసుక కొట్టింది. ఎర్రటి తుప్పు మధ్యలో అరచేయంత మేర తెల్లటి ఇనుము బయటపడింది. నేను చప్పట్లు కొట్టాను.

నా చప్పట్లు ఆగేలోపే గాలి ఆగింది. ముల్లు ముప్పైకి జారిపోయింది. గొట్టం మూతిలోంచి ఇసుక, ముసలివాడి నోట్లోంచి అన్నం మెతుకుల్లా, బొట్లు బొట్లుగా రాలింది.

"అయ్యో, పాడైపోయిందా?" అన్నాను.

"పాడవనేదు. దీనికి ఊపిరి సాల్దు," అన్నాడు మేస్త్రీ. "రాయి తొలవడానికి దమ్ము సాలు. ఇసకకి దమ్ము కాదు, దారాపాతంగా గాలి రావాల. మీరు ముల్లు ఎంత దూరం ఎక్కుతాదో అడిగేరు. ఎంతసేపు నిలబడతాదో అడగనేదు."

నేను గోదాం మెట్టు మీద కూర్చుండిపోయాను. ఉగాదికి ఇక నెల కూడా లేదు. ఇంకో మిషను వెతకడానికి ఇంకో ఊరు లేదు. మేస్త్రీ ఓడలో కూర్చున్నట్టూ, రంపంపొట్టు దులుపుకుంటున్నట్టూ అప్పుడే కనబడసాగింది.

అతను మాత్రం మిషను పక్కన గొంతుక్కూర్చుని ముల్లునే చూస్తున్నాడు. అది మళ్ళీ నూటికి ఎక్కేలోపు గొట్టం మూతిని రాతిమీద పెట్టి సుత్తితో కొట్టి ఇరుకు చేశాడు. లేచి మళ్ళీ ఇసుక కొట్టాడు. ఈసారి గాలి రెట్టింపు సేపు నిలిచింది. ఆగింది. కూర్చుని చుట్ట వెలిగించాడు. ముల్లు ఎక్కింది. లేచాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా రాలేదు. అతను కొడుతున్నంతసేపు నేను ముప్పై లెక్కపెట్టేవాణ్ణి, కూర్చున్నంతసేపు వంద. సాయంత్రానికి తలుపురేకు సగం తెల్లబడింది.

నేను దగ్గరికి వెళ్ళాను. "వద్దంటావా మేస్త్రీ? నిజం చెప్పు. నా కోసం మొహమాట పడకు."

అతను కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "రైలోళ్ళ గొట్టం ఇద్దరం పట్టుకుంటే గానీ నిలబడేది కాదు బాబూ. పొద్దల్లా ఆపు నేదు. అది ఈ సేతికి వచ్చినా నాను పట్టనేను. ఇది నాలాటి ముసిల్ది. దీనికి ఊపిరి సాల్దు, నాకు మణికట్టు సాల్దు. అది కూకుంటే నాను కూకుంతాను." తువ్వాలు దులిపాడు. "రేపు బేరంలో మాత్రం మీరు నోరిప్పకండి."

గుమాస్తా గోదాం తాళం వేస్తూ మా గరాటూ మూతీ కూడా బయటే పెట్టేశాడు. శనివారం పూట ఇనుము తన గోదాంలోకి రావడం కూడా కుదరదట. వాటిని మోసుకుని సత్రానికి వెళ్ళాం.

ఆదివారం పొద్దున్నే బేరం. నోరిప్పవద్దన్న మాట నాకు గుర్తుంది. కానీ అలవాటు. "ఇంజను మాత్రం ఎంత శ్రుతిగా..." అని మొదలుపెట్టాను. మేస్త్రీ నా కాలు తొక్కాడు.

"శ్రుతేటండి! కచేరీ పెట్టడానికి కొంతన్నామేటి? ముప్పై అంకెలు లెక్కెట్టేలోపు ఆయాసం వచ్చీస్తంది. నిన్న మీరూ సూసేరు కదా గుమాస్తాగారూ, పొద్దల్లా."

గుమాస్తా చూశాడు. రోజంతా చూశాడు. కాదనడానికి వీల్లేదు. మామూలుగా అమ్మి ఉంటే ముల్లు చూపించి అమ్మేవాడు. ఇప్పుడు ఆయాసం చూపించి అమ్మాలి. చెప్పిన ధరకు సగం కంటే కొంచెం పైన ఒప్పుకున్నాడు. తిరుగు ప్రయాణానికి బండి బాడుగ మిగిలింది. మిషనును రెండు జతల ఎడ్లతో లాగించుకుని, ఘాటీల దగ్గర చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టుకుంటూ రాయగడ చేరేసరికి వారం పట్టింది. దారంతా రంగం సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు.

పాక పక్క ఖాళీలో, వెదురు తడికల మధ్య మిషను పెట్టాం. మొదటి లారీ చట్రం నాలుగు రోజుల్లో తెల్లబడింది. చేత్తో అయితే పదిహేను రోజులు. మధ్యమధ్య మిషనూ మేస్త్రీ కూర్చునేవాళ్ళు. చూడవచ్చిన బస్సు ఆసామీ, "మీ ఊళ్ళో మిషన్లు కూడా చుట్ట కాలుస్తాయా?" అని వెళ్ళాడు.

ఉగాదికి రెండు రోజుల ముందు మేస్త్రీ బట్టల మూట కట్టుకుని వచ్చాడు. పండక్కి ఊరెళ్తానన్నాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగడానికి బదులు రైలు ఛార్జీ చేతిలో పెట్టి, "ఇంకేమైనా కావాలా మేస్త్రీ?" అన్నాను.

"కావాల బాబూ," అన్నాడు. "వానలు దిగకముందే దానికి రేకుల కొట్టం ఏయించండి. ఈ తడికలు ఆగవు. నీళ్ళు పడితే సిలిండరు తుప్పట్టీస్తాది."

"సరే."

"తలుపు మాత్రం ఎట్టించకండి. మీరు ఎట్టిస్తే లోపలికి తెరిపిస్తారు, మిషనుకి తగిలీస్తాది. నాను వచ్చి ఎడతాను."

అతని రైలు ఇంకా స్టేషను దాటలేదు. నేను అప్పటికే రేకుల కోసం బజారుకు బయలుదేరాను.