ఎర్రద్దాల స్నానాలగది

మా ఇంటికి రండి, వరండాలో కూచోండి, కాఫీ తాగండి. స్నానాలగది చూపించమని మాత్రం అడక్కండి. యూనివర్సిటీలో సగంమంది ఇప్పటికే చూసేశారు. నిన్నటి దెబ్బకు తార్నాకలో తలెత్తుకు తిరగడం నావల్ల కావడంలేదయ్యా!

మొదటినుంచీ చెబుతాను. మా అమ్మాయి శారద ఫిజిక్సులో ఎం.ఎస్సీ. పాసై ఇంట్లో ఉంది కదా! క్యాంపస్‌లో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఖాళీ ఒక్కటే. అది రాకపోతే కర్నూల్లో మా బావమరిది చూసిపెట్టిన బడిలో ఎక్కాలు చెప్పుకోవాలి. ఇక్కడి లాబరేటరీ తప్ప ఇంకేదీ వద్దని పిల్ల పట్టుబట్టింది.

ఆ పిల్ల తయారయ్యేది ఎక్కడనుకున్నారు? వంటింటి కిటికీ ఊచకు వేలాడే అరచెయ్యంత అద్దంలో. ఒక కంటికి కాటుక పెట్టుకున్నాక రెండో కన్ను కోసం అద్దం జరపాలి. ఈలోగా పొయ్యి పొగకు మొదటిది కారిపోతుంది.

"నాయనా, స్నానాలగదిలో ఒక అద్దం, ఒక అర పెట్టించగూడదా?" అంది.

అది అర అడిగింది. నేను గ్రీన్‌రూమ్ కట్టించాను!

నాటకాల్లో ముఖానికి రంగు వెయ్యడంలో నన్ను మించినవాడు కృష్ణకు ఇటూ లేడు, అటూ లేడు. ఒకసారి మా ఆఫీసు గుమాస్తాకు మహారాణి వేషం వేస్తే, వాడి సొంత పెళ్ళామే వాడి కాళ్ళకు దండంపెట్టి "మా ఆయన ఎక్కడున్నాడమ్మా?" అని అడిగింది. అలాంటివాణ్ణి ఉత్త అరతో సరిపెడతానా? నీళ్ళు చిందకుండా మోకాలెత్తు అడ్డుగోడ. ఇవతల నడుమెత్తున నున్నటి షాబాదు బండ. పౌడరుకో గూడు, కాటుక్కో గూడు, దువ్వెనకో గూడు. బీరువా తలుపుకున్న నిలువుటద్దం ఊడదీయించి గోడకు ఎక్కించాను. అంతవరకూ బ్రహ్మాండమే! అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? చాదర్‌ఘాట్‌లో ఎవరిదో పాత హవేలీ కూలగొడుతుంటే ఎర్రద్దాలు కంటబడ్డాయి. స్టేజీమీద ఎర్రలైటు పడితే పీక్కుపోయిన ముఖం కూడా దానిమ్మపండులా నిగనిగలాడుతుంది. ఇంకేం, కిటికీకి మొత్తం అవే బిగించమన్నాను.

మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చిన మేస్త్రీ యాదగిరి, "ఏంది సార్, గుసల్‌ఖానాకు గింత షోకా?" అన్నాడు.

"స్నానాలగది కాదోయ్, ఇది కళామందిరం!" అన్నాను.

"అయితే టికెట్ పెట్టున్రి," అంటూ బిగించాడు.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. మా ఆవిడ మల్కాజ్‌గిరిలో చెల్లెలికి జ్వరమని వెళ్ళింది. శారద స్నానం చేసి, తలుపేసుకుని అద్దం ముందు నిలబడింది. కాసేపటికి లోపల్నించి కేక.

"నాయనా, ఈ తిలకం ఎంత దిద్దినా కనబడదేమి?"

"ఇంకా దిద్దు తల్లీ! ధైర్యంగా దిద్దు!"

బయటికొచ్చింది. స్నానానికి ముందు రాసుకున్న పసుపు చెంపలమీదా, చెవులపక్కా, మెడమీదా అట్లాగే పచ్చగా మెరుస్తోంది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. నేను చూశాను. చూడలేదని బొంకను. చూసి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, "సాక్షాత్తు లక్ష్మీదేవివి!" అన్నాను. ఏం చెయ్యను, నాకు తెలిసిన ముఖాలన్నీ ముప్పై గజాల దూరంనుంచి చూడవలసినవే! పాపం, నా మాట నమ్మి రిక్షా ఎక్కింది.

ఇంటర్వ్యూలో పెద్ద ప్రొఫెసరుగారు దాన్ని చూడగానే ఎంతో ప్రేమగా, "పెళ్ళికూతుర్ని చేసిన రోజునే మేం పిలిచినట్టున్నామే! పెళ్ళయ్యాక ఏ ఊరు వెళతావమ్మా?" అన్నారట.

"నాకు పెళ్ళేమిటి సార్?"

"సిగ్గెందుకమ్మా? టర్ము మధ్యలో నువ్వు అత్తవారింటికి వెళ్ళిపోతే మాకు ఇబ్బంది కదా," అంటూ ఆయన కాగితాలు మూసేశారు.

అప్పుడు చూసుకుందట, ఆయన వెనకున్న అద్దాల బీరువాలో తన మొహం. నేనైతే అక్కడే మూర్ఛపోయేవాణ్ణి, అదీ అందంగా! మా శారద కొంగుతో మొహం తుడుచుకుని చెప్పిందట.

"పెళ్ళి కాదు సార్. మా నాయన స్నానాలగదికి ఎర్రద్దాలు పెట్టించినాడు. ఎర్ర వెలుతురులో పసుపూ తెలుపూ ఒకటిగానే కనబడతాయి. అందుకని పసుపు పోయిందనుకున్నాను. ఎర్రబొట్టేమో ఆ ఎరుపులో కలిసిపోయింది. కనబడక మళ్ళీ మళ్ళీ దిద్దినాను."

గదంతా నవ్వులట! ప్రొఫెసరుగారు కళ్ళు తుడుచుకుని, మూసిన కాగితాలు మళ్ళీ తెరిచి, ఇక వెలుతురు గురించే ప్రశ్నలన్నీ అడిగారట. ఉద్యోగం వచ్చింది.

"చూశావా, నా గది మహిమ!" అని నేను మీసం మీద చెయ్యి వేశాను.

"నాయనా, నేను పోయేటప్పుడు నా మొహం చూసినావు గదా. చెప్పలేదేమి?" అంది.

మీసం మీది చెయ్యి దించేసి, తల వంచుకుని వరండాలోకి వెళ్ళిపోయాను.

అద్దాలు పీకించేద్దామంటే శారద పీకనివ్వలేదు. "తీసేయకముందు ఒకసారి విద్యార్థులకు చూపించండి," అన్నారట ప్రొఫెసరుగారు. నిన్న శారద తన క్లాసుని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళ అడుగుల చప్పుడు వినగానే నేను వంటింట్లో తలుపు వెనక నక్కాను. స్నానాలగదిలో శారద పసుపు కొమ్ము చూపిస్తోంది, కుంకం చూపిస్తోంది, పిల్లలు పకపకా నవ్వుతున్నారు.

ఇంతలో మా ఆవిడ మజ్జిగ గ్లాసులకోసం వచ్చి, "ఏమండీ, ఇది కట్టించిన మహానుభావుడు ఏడని పిల్లోళ్ళు అడుగుతా ఉండారు. రాండి!" అంది.

"ఊళ్ళో లేడని చెప్పు," అన్నాను.

గుసగుసగానే అన్నానండీ, ప్రమాణపూర్తిగా! కానీ ఇది స్టేజీమీద ఆఖరి వరసకు వినబడేట్టు గుసగుసలాడటం నేర్చిన గొంతు.

స్నానాలగదిలోంచి క్లాసు క్లాసంతా ఒక్కసారిగా, "నమస్తే సార్!" అంది.