నల్లబడ్డ ఆకాశం

ఆ రోజుల్లో మా బొగ్గు గనుల కాలనీలో (గోదావరిఖని అప్పుడప్పుడే ఊరవుతోంది) తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు చీర చేతికొచ్చేది. అందుకేనేమో, కొత్త కాపురానికి వచ్చిన నాకు రంగుల పిచ్చి పట్టుకుంది. మా ఆయన మాటల్లో మహా పొదుపరి. కూర బాగుందా అంటే "ఆఁ", చీర బాగుందా అంటే "ఊఁ". పొద్దంతా భూమి కింద పనిచేసే మనిషికి గోడ మీద ఓ ఆకాశం చేసి పెడితే, బాగుందని ఒక్క మాటైనా అంటాడని నా ఆశ.

బంగళాలు కట్టేచోట పారేసిన తెల్ల టైలు ముక్కలు మబ్బులకు సరిపోయాయి. సూర్యుడికి నా పసుపు గాజుల పెంకులున్నాయి. ఆకాశానికే నీలం దొరకలేదు. పక్క క్వార్టర్‌లో టీచరక్కకు నీలం పింగాణీ పళ్లెం ఒకటుండేది, క్రిస్మస్‌కు కేకు పెట్టేది. రోజూ ఏదో వంకతో వెళ్లి దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని (పగలాలని కోరుకోలేదు, పగిలితే బాగుండునని మాత్రం అనుకున్నాను). ఒకనాడు అక్క కొంగులో ముక్కలు పోసుకొని వచ్చింది. "ఇగో, పట్టు. నేను ముట్టను గూడ ముట్టలే, నీ చూపుకే పగిలింది" అంది.

వాళ్ల గడప మరమ్మతులో మిగిలిన సిమెంటు కూడా ఆమే ఇచ్చింది. దాన్ని మా బొగ్గు తట్టలో కలిపాను. తట్ట కడగాలని తోచలేదు, మా ఇంట్లో ఏం కలపాలన్నా, ఏం మొయ్యాలన్నా ఆ తట్టే మరి. పాత పెట్టె మూత మీద సిమెంటు పరిచి, ముక్కలు చాలక దూరదూరంగా అతికించాను. నల్లగా కనిపిస్తే తడి వల్లనే, ఆరితే తెల్లబడుతుందిలే అనుకున్నాను. ఆరాక కూడా తట్టలోని బొగ్గు నలుపు పోలేదు. మిట్టమధ్యాహ్నపు ఆకాశం కాస్తా అమావాస్య అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, చాయ్ గ్లాసుతో దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గిది మా బాయి గద" అన్నాడు. గనిని వాళ్లు బాయి అనేవాళ్లు.

"ఆకాశం" అన్నాను.

"కాదే" అంటూ పసుపు సూర్యుడి మీద వేలు పెట్టాడు. "డ్యూటీ అయినంక చీకట్ల నడుచుకుంట పైకొస్తుంటే, దూరంగ బాయి మూతి గిట్లనే కనవడ్తది. పచ్చగ, గింతంత. గది కనవడ్తె పానం లేచొస్తది."

మా పెళ్లయ్యాక ఆయన అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు. నేనేమో, ఆకాశం చేసి పెడితే గని అంటాడా అని అలిగి, అన్నం గిన్నె చప్పుడయ్యేలా పెట్టాను. ఎంత మొద్దునో.

అలక తీరాక మాత్రం, ఆయన డ్యూటీకి వెళ్లిన ప్రతి పూటా ఆ పసుపు సూర్యుడి మీద బొగ్గుదుమ్ము తుడిచేదాన్ని. అది మసకబారితే ఆయనకు దారి కనబడదేమోనని నా భయం. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు.

ఆయన రిటైరై ఏళ్లయింది. మొన్న గుడ్డ పట్టుకుని నిలబడితే కుర్చీలోంచి అన్నాడు, "ఇంకెందుకు తుడుస్తవే, నేనింట్లనే ఉన్న గద."

"ఊఁ" అన్నాను, తుడుస్తూనే.