తోలుకోటు మీద ఐదు చిలుకలు

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డిలో కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలకు మొగుళ్లు ఇంట్లో కంటే ఉత్తరాల్లోనే ఎక్కువగా ఉండేవారు. నాకైతే ఉత్తరాలతో పాటు ఒక తోలుకోటు కూడా దక్కింది. పెళ్లైన నలభయ్యో రోజున మా ఆయన దుబాయి బయల్దేరారు. విమానంలో చలేస్తుందని ఎవరో చెబితే బొంబాయిలో ఆ కోటు కొన్నారట. (దుబాయి ఎండలో తోలుకోటు! దిగీ దిగగానే తెలిసొచ్చి ఉంటుంది.) సెలవు మీద వస్తున్న సదాశివనగర్ స్నేహితుడితో దాన్ని వెనక్కి పంపిస్తూ, “పైలంగ దాచు, వచ్చినంక ఏసుకుంట” అని చీటీ పెట్టారు. మా గదిలో మేకుకు తగిలించాను. అత్తమ్మ పొద్దున్నే పొలానికి పోతే పొద్దుగూకే దాకా ఇంట్లో నేనూ, ఆ కోటూ. మొదట్లో దాని ముందు చీర మార్చుకోవడానికి సిగ్గేసి గోడవైపు తిప్పేదాన్ని. తర్వాత్తర్వాత “పప్పు జేయాల్నా, చారు పెట్టాల్నా?” అని అడగడం మొదలుపెట్టాను. (ఏది వండినా వద్దనేది కాదు. ఆ మంచి గుణం తర్వాత అసలు మనిషిలో కనబడలేదు.)

ఒక మధ్యాహ్నం ఏమీ తోచక, కామారెడ్డిలో మా అమ్మ నేర్పిన ఎంబ్రాయిడరీ గుర్తొచ్చి, ఎర్ర మఖ్మల్ ముక్క మీద ఆకుపచ్చ చిలుకను కుట్టాను. దాన్ని కోటుకు అతికించి ఆయన్ను ఆశ్చర్యపరచాలని నా ఆలోచన. తోలులో సూది దిగితేనా! రెండు విరిగాయి. మూడోదాన్ని పచ్చడిబండతో కొట్టి దింపాను. బట్ట మీదైతే ముందు పొడుగు పొడుగు కుట్లు వేసి, చూసుకుని, నచ్చకపోతే ఇప్పేసి మళ్లీ వేస్తాం కదా, అచ్చం అలాగే చేశాను. ఛాతీకి ఎడమవైపు బాగాలేదనిపించి మర్నాడు కుడివైపుకు మార్చాను. ఆ తర్వాత ఒక చేతికి, ఇంకో చేతికి, వీపు మీదికి, మళ్లీ ఎడమవైపుకు. నిజం చెప్పొద్దూ, చిలుక ఎక్కడున్నా బాగానే ఉండేది. కుట్టడం అయిపోతే మర్నాడు మధ్యాహ్నం ఏం చేయాలన్నదే నా భయం. కుడుతూ ఉన్నంతసేపు పోస్టుమాన్ సైకిలు గంట కోసం చెవులు రిక్కించాల్సిన పని ఉండేది కాదు.

అలా నాలుగు నెలలు గడిచాక, ఎనిమిది రోజుల్లో వస్తున్నానని ఉత్తరం వచ్చింది. సంబరంగా చిలుకను ఇప్పి, చివరిసారిగా ఎక్కడ కుడదామా అని కోటును వెలుతురులోకి తెచ్చి చూశాను. ఐదు చోట్లా సూది బొక్కలే! బట్టకైతే గోటితో రాస్తే మూసుకుపోతాయని గోకాను, నీళ్లద్దాను, కొబ్బరినూనె పూశాను. ఒక్కటీ మూసుకోలేదు. అత్తమ్మ చూసి, “వాడు పైలంగ దాచుమంటే జల్లెడ జేసినవ్ గదనే!” అని బుగ్గలు నొక్కుకుంది. నలభై రోజుల పరిచయం మాది. ఆయనకు కోపమొస్తే ఎలా ఉంటారో కూడా నాకు తెలియదు. వచ్చీ రాగానే అదే చూడాల్సొస్తుందేమోనని ఏడుపొచ్చింది.

అమ్మకు జ్వరమని చెప్పి కామారెడ్డి బస్సెక్కాను. (పాపం, నన్ను చూశాక అమ్మకు నిజంగానే వచ్చినంత పనైంది.) బస్టాండు పక్కన చెప్పులు కుట్టే తాత కోటును అటూ ఇటూ తిప్పి, “ఏంది బిడ్డా, దీనికి గిన్ని సూదిమందులు ఇప్పించినవ్?” అన్నాడు. “బట్టయితే పోగులు జరిగి మళ్ల దగ్గరవడ్తయి. తోలుకు బొక్క పడ్డదంటే పడ్డట్టే. దీన్ని ముందుగాల జిగురుతోని అంటువెట్టాలె, ఎనుక గీ ఆరెతోని, గీ లావు సూదితోని, ఒక్కటేసారి కుట్టాలె. ఇంక నాలుగు చిలుకలు పట్కరాపో, మూసేద్దాం.” మూడు రోజులు అమ్మ ఇంట్లో కూర్చుని నాలుగు చిలుకలు కుట్టాను. తొందరలో ఒకదానికి కన్ను పెట్టడం మరిచిపోయాను. తాత ఐదింటినీ కోటుకు కుట్టిచ్చాక, తెచ్చి మళ్లీ మేకుకు తగిలించాను.

ఆయన వచ్చారు. స్నానం చేసి, అన్నం తిని, నేరుగా మేకు దగ్గరికే వెళ్లారు. నేను తలుపు చాటున నిలబడ్డాను.

“గిన్ని చిలుకలెందుకే?”

“గిప్పుడు గిదే ఫ్యాషనట” అన్నాను, ఎల్లారెడ్డిలో ఇంకెవరికీ లేని ఫ్యాషన్.

ఆయన కోటును తిరగేశారు. పైన చిలుకలు కప్పినా లోపల అస్తరు నిండా బొక్కలు, తెగిన దారం ముక్కలు. వేలితో తడుముతూ చాలాసేపు చూశారు. “ఎన్నిసార్లు కుట్టి ఇప్పినవే?”

“లెక్క లేదు. ఏం జేయాలె, పొద్దు పోతలేకుండె.”

తిడతారని తల వంచుకున్నాను. ఆయన మంచం మీద కూర్చుని కోటును ఒళ్లో పెట్టుకున్నారు. “నేను పెట్టె సదురుతుంటి” అన్నారు మెల్లగా. “శుక్రారం శుక్రారం సెలవు. రేపే ఇంటికి పోతున్నట్టు బట్టలన్నీ సదిరేటోణ్ణి. పొద్దుగూకంగ మళ్ల ఇప్పేటోణ్ణి.” ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. ఆయనా కళ్లు తుడుచుకున్నారు. ఆ మర్నాడు మండుటెండలో ఐదు చిలుకల కోటు వేసుకుని, చెమటలు కక్కుతూ బజారంతా తిరిగొచ్చారు. రెండు నెలలకు మళ్లీ వెళ్లిపోతూ దాన్ని అదే మేకుకు తగిలించారు.

ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉంటారు. పొద్దస్తమానం టీవీ పెద్దగా పెట్టుకుని, చారులో ఉప్పెక్కువైందని సణుగుతుంటారు. విసుగొచ్చి బీరువా తెరిస్తే ఐదు చిలుకలు కనిపిస్తాయి, అందులో ఒకటి గుడ్డిది. అప్పటి నన్ను, ఆ పంతొమ్మిదేళ్ల పిల్లను పిలిచి, ‘పిచ్చిదానా, ఒక్కచోట కుట్టి ఊరుకోకూడదా?’ అని అడుగుదామనుకుంటాను. ఊరుకుని ఉంటే పాపం, ఆ మధ్యాహ్నాలు దానికి ఎట్లా గడిచేవి?