పంచె మీద పచ్చ వెలుగు

తాడేపల్లిగూడెంలో పేరున్న ఒక స్టూడియో యజమాని నన్ను పదిమందిలో "నువ్వు" అన్నారు. అప్పటికే నా తల సగం నెరిసింది. మా వైపు పాలవాణ్ణి తిట్టేటప్పుడు కూడా "ఏవండీ, ఈ పూట మరీ నీళ్ళు కలిపేశారండీ" అని తిడతారు. అది మొదటి అవమానం. రెండోది, నా ఫోటోని మిక్సింగ్ అన్నారు. రెంటిలో ఏది పెద్దదో ఇప్పటికీ తేలలేదు కనుక రెండూ గుర్తుపెట్టుకున్నాను.

మిక్సింగ్ అంటే ఫోటోలో మనిషిని కంప్యూటర్‌లో కత్తిరించి వేరే చోట నిలబెట్టడం. ఆ రోజుల్లో కొల్లేరు చుట్టుపక్కల అది లేని పెళ్ళి ఆల్బమ్ ఉండేది కాదు. మండువేసవిలో పెళ్ళయిన జంట, నుదుటిమీద చెమటతో సహా, చివరి పేజీలో మంచుకొండ మీద తేలేవారు. ఏలూరులో మా నాన్న పెట్టిన స్టూడియో బోర్డు మీద నేనే "మిక్సింగ్ చేయబడును" అని రాయించాను. జనం అడిగారు, చేశాను. అంతమాత్రాన నేను తీసినవన్నీ మిక్సింగ్ అయిపోతాయా? హల్వా అమ్మేవాడు ఇంట్లో అన్నం తినడా?

కలిదిండి వైపు నాకొక పాత కస్టమరు ఉండేవారు, చేపల చెరువుల ఆసామి. మేత కంపెనీల వాళ్ళు ఎక్కువ మేత కొన్న రైతుల్ని థాయిలాండ్ తిప్పి తీసుకొచ్చే రోజులవి. వెళ్ళేది వారానికే అయినా సాగనంపడానికి వ్యాను నిండా బంధువులు, పూలదండలు, చేపల పులుసు కేరేజీలు, ఒక ఫోటోగ్రాఫరు. ఫోటోగ్రాఫరు లేకుండా విమానం ఎక్కితే మా వైపు ఎక్కినట్టు లెక్క కాదు.

"సాయిబుగారూ, మీరు రాకపోతే ఎలాగండీ. విమానం, నేనూ ఒకే ఫోటోలో పడాలండీ," అన్నారు ఆసామి.

హైదరాబాదు కొత్త విమానాశ్రయంలో విమానం తప్ప అన్నీ కనిపించాయి. టికెట్టు లేనివాళ్ళని లోపలికి రానివ్వరు. గేటు ముందు పెద్ద పందిరిలాంటి కప్పు ఉంది. దానికి తలకిందులుగా వందల గాజు గొట్టాలు, ఆరబెట్టిన వలల్లా వరుసలు వరుసలుగా వేలాడదీశారు. పొద్దు వాలేసరికి వాటిలో వెలుగు మొదలైంది. నీలం, దానివెనక పచ్చ, దానివెనక గులాబీ. చెరువులో మేత చల్లినప్పుడు చేపలన్నీ ఒక్కసారి అటు తిరిగినట్టు, రంగు ఒక మూల నుంచి ఇంకో మూలకి పరిగెత్తేది. అది ఎవరో కళాకారుడు చేసిన పని అని పక్కన పలక మీద ఉంది. నిలబడి చదివింది నేనొక్కణ్ణే.

ఆసామి ఆ గొట్టాల కింద నిలబడ్డారు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ. పాస్‌పోర్టు ఎక్కడ పోతుందోనని ఎడమవైపు పైజేబు మీద చెయ్యి అదిమిపెట్టి తియ్యనే లేదు. పక్కన ఆయన భార్య, లేత గోధుమరంగు చీరలో.

"చెయ్యి దించండి బాబూ," అన్నాను.

"దించితే మీరు పూచీ ఉంటారేంటండీ," అన్నారు.

అలాగే తీశాను. వాళ్ళు వ్యాను దగ్గరికి పులుసన్నానికి వెళ్ళాక ఆ వెలుగుల్ని ఒంటరిగా తీద్దామని ఉండిపోయాను. కాపలా జవాను వచ్చి హిందీలో ఏదో అడిగాడు. నేను మా ఏలూరు ఉర్దూలో జవాబు చెప్పాను. అది మా జిల్లా దాటితే ఎవరికీ అర్థం కాదు. విసుగొచ్చి వదిలేశాడు. ట్రాలీలు పోతూంటే ఆగి, జనం తగ్గేదాకా ఆగి, గచ్చు మీద రంగుల నీడ తప్ప మనిషి లేని ఒక్క క్షణంలో బటన్ నొక్కాను. ముప్ఫై ఏళ్ళుగా కెమెరా పట్టుకున్నవాణ్ణి, ఆ ఒక్క ఫోటో నాది అనిపించింది. తిరిగొచ్చేసరికి పులుసు ముక్కలన్నీ అయిపోయాయి. తలకాయ ముక్క నాకని ఉంచుతామన్న ఆసామి బావమరిది మొహం నాకింకా గుర్తే.

ఆ ఏడే తాడేపల్లిగూడెంలో ఫోటోగ్రాఫర్లంతా కలిసి కల్యాణమండపంలో ప్రదర్శన పెట్టారు. ఆ స్టూడియో యజమానే న్యాయనిర్ణేత. నా గొట్టాల ఫోటో ముందు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మిక్సింగ్ బాగా చేశావయ్యా. కానీ ఇక్కడ మిక్సింగ్ తీసుకోవటం లేదు."

"మిక్సింగ్ కాదండీ. విమానాశ్రయంలో తీశానండీ."

"విమానాశ్రయంలో మనుషులుండరా? నువ్వు చెప్పేది నమ్మాలంటే ముందు నీ బోర్డు దించుకోవాలి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో చెప్పగలను. సీడీ పట్టుకెళ్ళి చూపించాను. "సీడీ మాత్రం కంప్యూటర్‌లోంచి రాలేదేంటయ్యా," అన్నారు. బహుమతి తాటిచెట్టు వెనక సూర్యుడికి వచ్చింది. ఆ సూర్యుణ్ణి ప్రతి ఏడూ ఎవరో ఒకరు అదే చెట్టు వెనక పట్టుకుంటారు.

నాకు బహుమతి అక్కర్లేదు. ఆయన నోటితో "ఇది నిజం ఫోటో అండీ" అనాలి, అంతే. సాక్ష్యం కోసం కలిదిండి వెళ్ళాను. ఆసామి ఇంటి ముందుగదిలో నా సాక్ష్యం గోడంత ఫ్రేములో ఉంది. కాకపోతే అందులో గొట్టాలు లేవు.

అది నా పనే. థాయిలాండ్ నుంచి వచ్చాక ఆయన ఫోటో చూసి, "వెనకాల ఈ రంగు గొట్టాలేంటండీ, బ్యాండుమేళం బండిలాగ. కొల్లేరు పెట్టండి. గూడబాతులు కూడా వెయ్యండి," అన్నారు. అంతకుముందే సరస్సులో ఆయన చెరువుల గట్లు ఆక్రమణలని ప్రభుత్వం వాళ్ళు కొట్టేశారు. గట్లు పోయిన దగ్గర్నుంచి ఆయనకి కొల్లేరు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. భార్య ఉంటే బాతులకి చోటు చాలటం లేదని ఆమెను తీసెయ్యమన్నారు. తీసేశాను.

"గొట్టాల సంగతి కాస్త తాడేపల్లిగూడెం ఆయనతో చెప్పాలండీ," అన్నాను.

"నాకేం గుర్తండీ. నా ధ్యాసంతా జేబు మీదే కదా. అయినా ఇది కొల్లేరు కాదని నలుగురిలో చెప్పమంటారేంటండీ సాయిబుగారూ. బాగుంటుందా?"

తర్వాత వాళ్ళమ్మాయి పెళ్ళి వచ్చింది. ఫోటోలు, వీడియో ఎవరికిచ్చారనుకున్నారు? గూడెం ఆయనకే. నాకు శుభలేఖ వచ్చింది, "భోజనానికి తప్పక రావాలండీ" అని. వెళ్ళాను. వెళ్ళకపోతే ఏం వడ్డించారో ఎలా తెలుస్తుంది?

ముందుగదిలో గూడెం ఆయన ఆ ఫ్రేము ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"ఇదీ ఫోటో అంటే. ఎవరు తీశారు?" అన్నారు. నేనే అన్నాను. నన్ను ఎగాదిగా చూశారు.

"ఇలాంటివి తియ్యగలిగి ఆ గొట్టాలెందుకయ్యా? చూడు, సొంత నేల ముందు నిలబడగానే మనిషి చెయ్యి గుండె మీదకి పోయింది. అది చెప్పి చేయించలేం."

"అది పాస్‌పోర్టండీ."

"పంచె మీద ఆ గులాబీ చూశావా? అసలైన సూర్యోదయం."

"ఇది మిక్సింగ్ అండీ. గులాబీకి పక్కన పచ్చ కూడా ఉంది, చూడండి. కొల్లేరులో పొద్దున్నే పంచె మీద పచ్చ వెలుగు ఎక్కణ్ణించి పడుతుందండీ?"

ఆయన వంగి చూశారు. నెమ్మదిగా లేచి, "గుర్రపుడెక్క," అన్నారు. "నీళ్ళమీద ఆకు పచ్చదనం తిరగ్గొట్టి పైకి పడింది. నీకు తెలియకుండానే పడింది. అదృష్టవంతుడివి."

నిజం ఫోటో మిక్సింగైంది. మిక్సింగ్ నిజమైంది. నేను పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడ ఆసామి భార్య వడ్డన గిన్నెలు సర్దిస్తున్నారు.

"ఆ గొట్టాల గొడవేనా అండీ ఇంకా?" అన్నారు. "నేనూ ఉన్నాను కదండీ ఆ రోజు. ఒక నిమిషం నా చీర నీలం, ఒక నిమిషం పచ్చ. ఒకటే కొనుక్కుంటే ఇన్ని వచ్చాయేంటా అనుకున్నాను."

ఇన్నాళ్ళూ ఆమెను అడగాలని నాకు తోచలేదు. "ఆ ముక్క లోపలికొచ్చి ఆయనతో ఒక్కసారి చెప్పండమ్మా," అన్నాను.

"ఎలా చెప్పనండీ? నేనక్కడ లేనని గోడ మీద మీరే రాసిపెట్టారు కదా. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ, ఆ రోజు నువ్వెళ్ళలేదా వదినా అని అడుగుతారు. ఆ బాతు పాటి కూడా చెయ్యలేదండీ నేను." గిన్నె మూత పెట్టారు. "ముందు నన్ను పెట్టండి. తర్వాత మీ సాక్ష్యం."

అవమానం గుర్తుపెట్టుకునే మనిషి ఇంకొకరు ఎదురైతే నాకు గౌరవం కలుగుతుంది. ఏలూరు వెళ్ళి ఏమీ కలపకుండా, ఏమీ తియ్యకుండా, అసలు ఫోటోనే అంత సైజులో వేయించాను. గొట్టాలు, ఆయన, జేబు, ఆమె. కొల్లేరు దించి అది ఎక్కించాం. ఆసామి గొణిగారు. "చేపలకి మేత వెయ్యడానికి వెళ్ళండి," అన్నారామె.

గూడెం ఆయన పెళ్ళి ఆల్బమ్ ఇవ్వడానికి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. అక్కడే ఉండేలా చూసుకున్నాను. ఆమె మాట తప్పలేదు. కాఫీ ఇచ్చి, ఫ్రేము ముందు నిలబడి చెప్పారు. "ఇది నిజం ఫోటో అండీ. నేనే సాక్ష్యం. ఆ రోజు ఇలాగే ఉన్నాయి దీపాలు."

ఆయన కాఫీ తాగుతూ ఫోటోనీ, ఆమెనీ, నన్నూ మార్చి మార్చి చూశారు. తర్వాత నా దగ్గరికొచ్చి, మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఒప్పుకున్నానండీ. నా సర్వీసులో ఇంత అతుకు కనపడని పని చూళ్ళేదు. ఆవిడ నిజంగా అక్కడ నిలబడ్డట్టే కలిపారు. వచ్చే ఏడు మిక్సింగ్‌కి విడిగా బహుమతి పెడుతున్నాం. తప్పకుండా పంపించండి."

ఆసామి భార్య ఖాళీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుని, రెండోసారి కాఫీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయారు. మా వైపు అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

ఆయన నన్ను "మీరు" అన్నారు. మొదటి అవమానం ఆ రోజుతో కొట్టేశాను. రెండోది ఉంది.