జాతర వేషానికి పెంచిన జుట్టు

"దయ్యాలు తీసేవానికి పిల్లనెవురిస్తార్రా?" అని మా నాయన తిట్టేవాడు. తిరుపతిలో పెళ్లి వీడియోలు తీసే కెమెరాతోనే నేను దయ్యాల సినిమాలు తీశాను. పట్టపగలు తీసి, లెన్సుకు నీలం కాగితం అడ్డం పెట్టి రాత్రి అనిపించేవాణ్ణి. మొదటి రెండూ చూసి జనం పగలబడి నవ్వారు. దయ్యాన్ని చూసి నవ్వితే ఇంక నా బతుకెందుకు? మూడోదానికి నిజంగా భయపెట్టే మనిషి కావాలని పిచ్చి పట్టింది.

పూతలపట్టు దగ్గర ఒక పల్లెలో, ఏటా గంగజాతరకు అమ్మవారి వేషం కట్టే రైతు ఒకాయన ఉండేవాడు. అందుకోసమే నడుం దాకా జుట్టు పెంచాడు. ఆ వేషంలో వీధిలోకి వస్తే ఆడవాళ్లు పసుపునీళ్లతో కాళ్లు కడిగి, బిడ్డలను ఆయన చేతుల్లో పెట్టేవాళ్లు. ఏడాదంతా ఆ ఒక్కరోజు కోసమే బతికేవాడు. నేను మాత్రం ఆ జుట్టు చూసి, నా దయ్యం దొరికిందనుకున్నాను.

"అమ్మ కోసం పెంచిన జుట్టప్పా ఇది. దయ్యానికి ఇరబోసేదా?" అన్నాడు.

"సినిమా యేరే, జాతర యేరే అన్నా. జనానికి ఆ మాత్రం తెలీదా?" అని వారం రోజులు వెంటపడ్డాను. చివరికి మొహమాటానికి ఒప్పుకున్నాడు.

సినిమా కేబుల్ టీవీలో వేసిన రోజు, ఆయన పల్లెలో కూడా, ఎవరూ నవ్వలేదు. నాకు కాళ్లు నేలమీద నిలవలేదు.

తర్వాతి జాతరకు నేనూ వెళ్లాను. ఆయన వేషం కట్టుకుని వచ్చి మొదటి ఇంటి ముందు చేతులు చాచాడు. నాలుగేళ్ల పిల్ల ఆయన మొహం చూసి కెవ్వుమంది. తల్లి ఆ పిల్లను కొంగుచాటుకు లాక్కుంది. పక్కింటివాళ్లు పసుపునీళ్ల చెంబుతో అలాగే నిలబడ్డారు, కాళ్లు కడగడానికి ఒక్కరూ వంగలేదు. ఊరిపెద్ద ఆయన దగ్గరికొచ్చి మెల్లగానే చెప్పాడు.

"తప్పుగా అనుకోవద్దబ్బా. బిడ్డలు బెదురుతా ఉండారు. వచ్చే ఏడు నుంచి మీ తమ్ముడు కడతాళ్లే."

నేను అక్కడే ఉన్నాను. తప్పు నాదని ఒక్క మాట అనలేదు, సిగ్గులేనివాణ్ణి.

రెండేళ్లకు ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తిట్టడానికే అనుకున్నాను, తిట్టినా బాగుండేది. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"యాడా కట్టనీలేదప్పా. యేసం లేకుండా ఉండలేకపోతా ఉండా. ఇంకో దయ్యముంటే సెప్పు, ఏస్తా."

కథ అప్పటికే రాసిపెట్టుకున్నాను, ఆయన కోసమే. ఉందని చెబుతూ సంతోషం పట్టలేకపోయాను. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.