ఆడపిల్లలకు స్ప్రింగ్‌బోర్డు

1956లో నేను చోడవరం హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. ఆ ఏడు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్ట్రెస్ గారు వెళ్తూ వెళ్తూ ఇంగ్లీషులో నాలుగు వరుసల రిమార్కు రాశారు. రిమార్కు అంటే తనిఖీ అధికారి రాసిపెట్టే మాట. మళ్ళీ వచ్చేసరికి దాని ప్రకారం ఏం చేశామో చూపించాలి. ఆవిడ చేతిరాత చీమలు పాకినట్టుంది. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివితే మూడే మాటలు తేలాయి: గర్ల్స్, మస్ట్, స్ప్రింగ్‌బోర్డు.

"ఆడపిల్లలకి స్ప్రింగ్‌బోర్డు ఉండి తీరాలట. అది మీ సరుకే కదండీ?" అన్నారు నాతో.

నా సరుకే. మద్రాసు ట్రైనింగులో చూశాను. ఏటవాలు చెక్క, దాని కింద స్ప్రింగులు. పరుగెత్తుకొచ్చి కాలేస్తే పైకి తన్నుతుంది. ఆ ఊపుతో వాల్టింగ్ హార్స్ అనే ఎత్తైన దిమ్మని దాటాలి. మా స్కూల్లో ఆ దిమ్మే లేదు. ఆడపిల్లలు ఓణీలు బిగించి తొక్కుడుబిళ్ళ ఆడితేనే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఇలాంటిచోట స్ప్రింగ్‌బోర్డు ఎందుకు? నాకేమీ పాలుపోలేదు. ఆవిడకే ఉత్తరం రాసి అడుగుదామన్నాను.

"మనకి ఇంగ్లీషు రాదనుకుంటారు. చేయించెయ్యండి," అన్నారాయన.

వడ్డాది ఊరి వడ్రంగి అప్పలాచారి పాత జట్కాబండి కమాన్లు, అంటే చక్రాల పైనుండే ఇనప స్ప్రింగు పట్టీలు, బిగించి తయారుచేశాడు. "ఇది ఏటికి బాబూ?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ మూడు రకాలుగా చెప్పాను.

థర్డ్ ఫారంలో, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతిలో, ఏడుగురు ఆడపిల్లలుండేవారు. ఆ చెక్కమీద కాలెయ్యడానికి ధైర్యం చేసింది పైడితల్లి ఒక్కతే. రావికమతం పిల్ల, చోడవరంలో మేనత్త ఇంట్లో ఉండి చదివేది. లెక్కల్లో దిట్ట. ఎగిరింది, పక్కకి పడింది. మోచెయ్యి బెణికింది. ఆ వారమే తండ్రి వచ్చి పిల్లని ఊరికి తీసుకుపోయాడు.

మూడు నెలలకి ఇన్‌స్పెక్ట్రెస్ గారు మళ్ళీ వచ్చారు. మైదానంలో చెక్క చూసి, "ఏమిటిది?" అన్నారు.

"తమరు రాసిందేనండి," అన్నారు హెడ్మాస్టరు గారు.

ఆవిడ రిమార్కుల పుస్తకం తెప్పించుకుని తన రాత తనే చదివారు. "ఈ స్కూలే ఆడపిల్లలకి స్ప్రింగ్‌బోర్డు కావాలని కదా రాశాను! ఇక్కణ్ణుంచి పైచదువులకి వెళ్ళాలని, థర్డ్ ఫారంతో ఆగిపోకూడదని." తర్వాత క్లాసులోకి వెళ్ళి లెక్కపెట్టారు. "ఏడుగురుండాలి. ఆరుగురే ఉన్నారేం?"

హెడ్మాస్టరు గారు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఆదివారం బస్సెక్కి రావికమతం వెళ్ళాను. పైడితల్లి తండ్రి సన్యాసినాయుడు చెరుకుతోటలోంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"మళ్ళీ ఆ సెక్క మీద ఎగరమంటారేటి బాబూ? సదువుకని పంపితే సర్కసు సేయిస్తన్నారని ఊరంతా నవ్వేరు. మా ఆడగుంటకి సెయ్యి ఇరిగుంటే ఏటి సేసీవోణ్ణి?"

"తప్పు నాదే నాయుడూ. ఆ మాటకి అర్థం నాకు తెలీలేదు."

అతను నన్ను వింతగా చూశాడు. "మేస్టారు, మీకే తెలవకపోడమేటి?"

విడమరిచి చెప్పబోయాను. ఆ మాటకి సరైన తెలుగు మాటే దొరకలేదు. మెట్టు అన్నాను, ఊతం అన్నాను. చివరికి, "పైడితల్లి ఇంకా పెద్ద చదువులకి వెళ్ళాలి, ఆ ఊపు బడి ఇవ్వాలి అని ఆవిడ రాశారు," అన్నాను.

"అంటే ఎగరాల్సింది గుంట కాదా? సదువా?"

"గుంటే ఎగరాలి. కానీ చెక్కమీంచి కాదు." అన్నాక నాకే అయోమయమనిపించింది.

లోపలినుంచి పైడితల్లి గొంతు వినిపించింది. "అయ్యా, లెక్కల పరీచ్చ ఎల్లుండేనంట."

నాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకుని, కూతురి వైపు తిరిగి, "ఎల్లు మరి," అన్నాడు.

ఆ పిల్ల ఎస్సెల్సీ పాసై టీచరు ట్రైనింగుకి వెళ్ళింది.

తెలీదని ఒక ఉత్తరం ముక్క రాయడానికి సిగ్గుపడి, ఒక పిల్ల చదువు దాదాపు ఆపేశాం. అధికారికి చెప్పడానికి భయపడిన ఆ 'తెలీదు' అన్న మాటే రావికమతంలో ఆ రైతు ముందు చెప్పాల్సి వచ్చింది. అతను నవ్వలేదు. పిల్లని పంపాడు.